రైళ్లు చూడబోయిన ఆదివారం

ఏప్రిల్ 28, సోమవారం

ప్రేము బరువు: డయాలసిస్‌కి ముందు 56 కేజీల 100. తర్వాత 53 కేజీల 800. తాగిన నీళ్లు ముప్పావు లీటరు.

డయాలసిస్ సెంటర్‌లో సిస్టర్ భారతి గారు ఈ రెండే రాయమన్నారు. మామిడికాయల కమీషన్ షాపు వాళ్లిచ్చిన డైరీ ఇది, పేజీకి ఇంకా బోలెడంత చోటు మిగిలిపోతోంది. ఖాళీగా వదిలేయడం దేనికని మిగతావి కూడా రాసుకుంటున్నాను. ఎవరూ చూడరు. మా ఆవిడ సీతమ్మకి చదువు రాదు. ప్రేముకి ఓపిక లేదు.

ఇవాళ నూజివీడు నుంచి ఆటోలో వస్తుంటే అన్నాడు, "నాన్నా, ఇంక నేను సెంటర్‌కి రాను. చాలు" అని. ఆటో చప్పుడులో వినపడనట్టు ఊరుకున్నాను. వాడు మళ్లీ అన్నాడు. మళ్లీ వినపడనట్టే ఊరుకున్నాను.

వారానికి మూడుసార్లు, మూడేళ్ల నుంచి. మానేస్తే వారమో పది రోజులో అని పెద్ద డాక్టరు గారు మొదట్లోనే చెప్పారు. వాడూ విన్నాడు ఆ మాట, నా పక్కనే కూర్చుని.

ముప్పై ఒకటి వాడికి.

ఏప్రిల్ 30, బుధవారం

ముందు 55 కేజీల 700. తర్వాత 53 కేజీల 900. నీళ్లు ముప్పావు లీటరుకి కొంచెం తక్కువ.

వచ్చాడు.

మే 2, శుక్రవారం

ముందు 55 కేజీల 900. తర్వాత 53 కేజీల 800.

ఈ రోజు నా సంతోషం రాయాలంటే ఈ పేజీ చాలదు, పక్క పేజీలో కూడా రాస్తాను. ఐదో తరగతి వాణ్ని, తప్పులుంటే ఉన్నాయి.

సెంటర్‌లో మావాడిది కిటికీ పక్క మంచం. దాని పక్కన ఆనంద్ బాబుది. చాట్రాయి మనిషి, సొంత ఆటో ఉంది, ఐదేళ్ల నుంచి డయాలసిస్ చేయించుకుంటూనే నడుపుకుంటున్నాడు. ఆ పక్కన తేజస్వి అని మైలవరం అమ్మాయి, డిగ్రీ అయిపోయింది, ఏడాదిన్నర నుంచి వస్తోంది. సోమ బుధ శుక్రవారాలు నాలుగేసి గంటలు ముగ్గురూ ఒకే వరసలో పడుకుని ఉంటారు. చుట్టాలకంటే ఎక్కువైపోయారు.

ఆ అమ్మాయి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. కాలేజీకి రైల్లో వెళ్లే రోజుల నుంచి కనపడ్డ ఇంజన్ల నంబర్లన్నీ అందులో రాసుకుందట. నాలుగు వందల పైచిలుకు. ఇవాళ అది మావాడి చేతికిచ్చింది. వాడు జబ్బు పడకముందు నూజివీడులో ఫొటో స్టూడియోలో పనిచేశాడు కదా, "నంబర్లు రాసుకుంటే ఏముంది, ఫొటోలు తియ్యాలిగాని" అన్నాడు. దానికి ఆ పిల్ల "అయితే తియ్యన్నా, నోటితో తీస్తావేంటి" అంది. ఆనంద్ బాబు మధ్యలో దూరి, "ఆదివారం నా ఆటో ఖాళీయే, ముగ్గురం పోదాం, బాబాయ్‌ని కూడా ఎక్కించుకుందాం" అన్నాడు నావైపు చూసి.

ఇంటికి రాగానే ప్రేము బీరువా మీదున్న కెమెరా దింపమన్నాడు. దిండు గలీబులో చుట్టి పెట్టి మూడేళ్లయింది. బ్యాటరీ ఉబ్బిపోయింది, కొత్తది కావాలన్నాడు. కావాలన్నాడు. వీడి నోటి నుంచి ఏదైనా కావాలి అన్న మాట విని ఎన్నాళ్లయిందో. రేపే ఆగిరిపల్లి బజార్లో కనుక్కుంటాను, అక్కడ లేకపోతే బెజవాడ వెళ్తాను.

"మరి డయాలసిస్ సంగతేంటిరా" అని అడిగాను.

"ఆ ఆదివారం అయ్యాక చూద్దాంలే నాన్నా" అన్నాడు.

రాను అనలేదు. చూద్దాం అన్నాడు. దేవుడున్నాడు.

మే 4, ఆదివారం

బ్యాటరీ దొరికింది. వచ్చే ఆదివారం ఖాయం.

మే 9, శుక్రవారం

ముందు 55 కేజీల 600. తర్వాత 53 కేజీల 700. నీళ్లు సరిగ్గా అర లీటరు.

అరలీటరే తాగాడు. ఎందుకురా అంటే, ఆదివారం ఎండలో దాహమేస్తుంది, అప్పటికి ఆదా చేస్తున్నానన్నాడు. నవ్వుతూ అన్నాడు.

మే 10, శనివారం

తోటలో చిన్నరసాలు గడ్డిలో మాగేశాను కదా, రంగు తిరిగాయి. పన్నెండు ఏరి సాయంత్రం బకెట్‌లో నానబెట్టాను.

సిస్టర్ గారు మామిడిపండు వద్దన్నారు, నాకు తెలియక కాదు. పొటాషియం అనేది ఒకటుంటుంది, అది గుండె మీద పడుతుందట. కానీ ఆవిడే ఒకసారి చెప్పారు, కూరగాయలు ముక్కలు కోసి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం పోతుందని. మేము అరవై ఏళ్ల నుంచి చేసేది అదే కదా. వేడి పోవాలని పండు నీళ్లలో వేస్తాం. మేము వేడి అంటాం, వాళ్లు పొటాషియం అంటారు. మామూలుగా గంట నానితే చాలు, నేను రాత్రంతా ఉంచుతున్నాను. ఇప్పటికి రెండుసార్లు నీళ్లు మార్చాను, మళ్లీ లేచి మారుస్తాను.

సీతమ్మ బకెట్ చూసి "ఎవరికి?" అంది. "పిల్లలకి" అన్నాను. "ఆ సిస్టరమ్మ వద్దంది కదా" అంది. విడమరిచి చెప్పాను. "ఏమో, చదువుకున్నోడివి నువ్వే" అని లోపలికెళ్లిపోయింది.

నూజివీడు పక్కన పుట్టి, మామిడితోటలో పెరిగి, మూడు వేసవులు పండు వాసన చూస్తూ పడుకున్నాడు నా కొడుకు. మూడు వేసవులు.

మే 11, ఆదివారం

ఇప్పుడే వచ్చాం. ప్రేము నిద్రపోయాడు. మర్చిపోకముందే మొత్తం రాయాలి.

పొద్దున్నే ఆరింటికి ఆనంద్ బాబు ఆటో మా గుమ్మం ముందు ఉంది. నూజివీడు బస్టాండులో తేజస్విని ఎక్కించుకునే వచ్చాడు. ఆటోకి ముందర బంతిపూల దండ. "ఇదేంటయ్యా, పెళ్లికా" అంటే, "బాబాయ్, కిరాయికీ సెంటర్‌కీ తప్ప ఇంకో చోటికి పోయి ఎన్నాళ్లయింది. ఆటోకి కూడా తెలియాలి కదా" అన్నాడు. సీతమ్మ పులిహోర డబ్బా ఇచ్చింది. నేను పళ్లబుట్ట నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను, మీద తువ్వాలు కప్పి. తర్వాత చూపిద్దామని.

తేలప్రోలు దాటాక పట్టాలకి దూరంగా ఒక మట్టిరోడ్డు ఉంది. పట్టాలు అక్కడ వంపు తిరుగుతాయి, కాబట్టి రైలు మొత్తం ఒక్క ఫొటోలో పడుతుందట. అక్కడ ఒక తుమ్మచెట్టు నీడలో దిగాం. నేను వెళ్లి తాటాకులు తెచ్చి పరిచాను.

మొదట బొగ్గు గూడ్సు వచ్చింది. దానికి ఇంజన్లు రెండు. తేజస్వి నంబర్ రాస్తూ, "తాతయ్యా, ఇంజన్ పక్కన పేరు చూడండి, అది దాని షెడ్డు. అదే దాని సొంతూరు. ఎక్కడికి పోయినా మళ్లీ ఆ ఊరే పోవాలి మరమ్మతుకి" అంది. ఇంజనుకి సొంతూరు ఉంటుందని డెబ్బై ఏళ్లొచ్చినా నాకు తెలీదు. ఆనంద్ బాబు అందుకుని "మనకి మల్లేనే. ఏ ఊరు పోయినా మర్నాడు మళ్లీ భారతి సిస్టర్ షెడ్డుకే" అన్నాడు. ముగ్గురూ పడి పడి నవ్వారు. నాకు అంత నవ్వు రాలేదుగాని వాళ్లని చూసి నవ్వాను.

మావాడికి ఎడమ చేతికి ఆపరేషన్ అయింది కదా, మిషన్‌కి గొట్టాలు తగిలించే చెయ్యి, దాంతో బరువు ఎత్తకూడదు. పెద్ద లెన్సు పెడితే కెమెరా ఒక్క చేతితో ఆగట్లేదు. అటూ ఇటూ చూసి, "నాన్నా, ఇటు వచ్చి నిలబడు" అన్నాడు. నా భుజం మీద పెట్టాడు కెమెరా. "కదలకు. ఊపిరి బిగబట్టు." బిగబట్టాను. నా చెవి పక్కన వాడి ఊపిరి. దూరంగా పట్టాలు సన్నగా మోగడం మొదలైంది, ఆ తర్వాత తెల్లగా వందే భారత్ వచ్చింది, నా చెవి దగ్గర టకటకటకమని కెమెరా. అది వెళ్లిపోయాక కూడా నేను ఊపిరి వదల్లేదు. "వదులు నాన్నా, పోతావు" అన్నాడు నవ్వుతూ. నా బిడ్డ నా భుజం మీద చెయ్యేసి నవ్వుతూ అన్నాడు ఆ మాట. ఇంతకంటే ఏం కావాలి ఒక తండ్రికి. ఇంత ముసలి భుజం దేనికైనా పనికొస్తుందనుకోలేదు.

పదకొండు దాకా పద్నాలుగు రైళ్లు. ఆనంద్ బాబు ప్రతి ఇంజన్ డ్రైవర్‌కీ తువ్వాలు ఊపాడు. ఒకాయన తిరిగి హారన్ కొట్టాడు. "చూశావా బాబాయ్, నా హారన్‌కి రోడ్డు మీద ఒక్కడూ పక్కకి జరగడు, ఆయన నాకోసం కొట్టాడు" అని అరగంట చెప్పుకున్నాడు.

పులిహోర తిన్నాక బుట్ట మీద తువ్వాలు తీశాను.

ముగ్గురూ బుట్టలోకి వంగారు. తేజస్వి "తాతయ్యా, పొటాషియం" అంది మెల్లగా. నేను చెప్పాను, రాత్రంతా నానింది తల్లీ, నాలుగుసార్లు నీళ్లు మార్చాను, అంతా పోయుంటుంది అని. ఆ పిల్ల ప్రేము వైపు చూసింది. ప్రేము ఆనంద్ బాబు వైపు చూశాడు. ఆనంద్ బాబు చెయ్యి చాచి, "ఇంతసేపు దాచిపెట్టావా బాబాయ్, నీ దుంపతెగ" అని ఒకటి తీసుకున్నాడు. మెత్తగా పిసికి, ముచిక తీసి, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అలా మూసుకునే మొత్తం జుర్రేశాడు. మావాడు కూడా ఒకటి తీసుకున్నాడు. చిన్నప్పుడు ఎలా తినేవాడో అలాగే, మోచేతి దాకా రసం. తేజస్వి ఒక టెంక నాకి పెట్టేసింది. ఇంకోటి తీసుకో తల్లీ అంటే కడుపు నిండిందంది. ఆనంద్ బాబుకి నేనే అందించాను, రెండోది, మూడోది. నాలుగోది వద్దంటుంటే చేతిలో పెట్టాను.

వచ్చేటప్పుడు ఆటోలో ప్రేము నా పక్కన కూర్చున్నాడు. "ఎలా ఉందిరా" అన్నాను. "బాగుంది నాన్నా." "మరి సెంటర్‌కి వెళ్తూ ఉందామా?" నా మొహంలోకి చూశాడు. "వెళ్తూ ఉందాం నాన్నా. నువ్వు చెప్పినన్నాళ్లు వస్తాను" అన్నాడు.

ముందు సీటులోంచి ఆనంద్ బాబు "విన్నాను, నేను సాక్షి" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఇలాంటి రోజు ఒకటి ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ని కాదు.

మే 12, సోమవారం

ముందు 57 కేజీలు. తర్వాత రాయలేదు.

ఆనంద్ బాబు మంచం ఖాళీగా ఉంది. ఆలస్యమైందేమో అనుకున్నాం. ఎనిమిదింటికి ఫోనొచ్చింది. తెల్లవారుజామున ఆయాసం వచ్చిందట. అంబులెన్సు వచ్చేలోపే.

మావాడికి రక్తపరీక్ష చేశారు. పొటాషియం బాగా ఎక్కువుందని భారతి గారు పరుగులు పెట్టారు. "ఏం తిన్నావు ప్రేమ్‌చంద్?" అని గట్టిగా అడిగారు. వాడు "కొబ్బరిబోండం తాగాను సిస్టర్" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. తేజస్వి ఆ చివర మంచం మీద గోడవైపు తిరిగింది.

మే 13, మంగళవారం

చాట్రాయి వెళ్లాం, నేనూ ప్రేమూ. ఆటో గుమ్మం ముందే ఉంది, దండ తియ్యలేదు.

గుండెపోటు అని అందరూ అంటున్నారు. ఐదేళ్ల డయాలసిస్ తర్వాత గుండె ఎవరికైనా అలాగే అవుతుందట. సెంటర్‌లో ఆయాగా చేసే ఆవిడ కూడా అదే అంది.

మే 14, బుధవారం

ముందు 55 కేజీల 900. తర్వాత 53 కేజీల 900.

గుండెపోటు. పాస్టరు గారు కూడా అదే చెప్పి ప్రార్థన చేశారు. ఎండ కూడా ఎక్కువే ఆ రోజు. ఆటో అంతదూరం నడిపాడు.

మా ప్రేము కూడా తిన్నాడు కదా, వాడికేం కాలేదు. నానబెట్టిన పళ్లే కదా ఇద్దరూ తిన్నది.

మే 15, గురువారం

వాడు ఒకటే తిన్నాడు.

మే 16, శుక్రవారం

వాడు సెంటర్‌కి వచ్చాడు. నువ్వు చెప్పినన్నాళ్లు వస్తానన్నాడు, వచ్చాడు. మాట మీద నిలబడ్డాడు. ఆనంద్ బాబు మంచం మీద కొత్తాయన ఎవరో. గొట్టాలు తగిలించేటప్పుడు ప్రేము ఆ వైపు చూడలేదు.

ఫొటోలు ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కించలేదా అని అడిగాను. చెరిపేశానన్నాడు. అన్నీనా అన్నాను. అన్నీ అన్నాడు. అన్నింట్లోనూ ఎక్కడో ఒక చోట ఆయన తువ్వాలు ఉందట.

మే 18, ఆదివారం

నిన్నంతా కూర్చోలేకపోయాను. తోటలో కోత నడుస్తుంటే కాయలు కోసే చిక్కం పట్టుకుని ఒక చెట్టు కిందే నిలబడిపోయానట, మేస్త్రీ వచ్చి ఇంటికి పొమ్మన్నాడు. పొద్దున్నే బస్సెక్కి చాట్రాయి వెళ్లాను. ప్రేముకి చెప్పలేదు.

ఆనంద్ బాబు భార్య రిబ్కమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు మీ ఆయనకి పళ్లు పెట్టింది నేనే" అన్నాను.

"తెలుసు బాబాయ్ గారూ. ఇంటికొచ్చి చెప్పాడు."

"రాత్రంతా నానబెట్టానమ్మా. పోతుందనుకున్నాను."

ఆవిడ బియ్యంలోంచి తల ఎత్తలేదు. "ఐదేళ్ల పేషెంటు బాబాయ్ గారూ. కొత్తగా వచ్చినోళ్లకి ఏం తినాలో ఏం తినకూడదో కూర్చోబెట్టి చెప్పేది ఆయనే. నానబెడితే పోదని ఆయనకి తెలియదా."

"మరి ఎందుకు తిన్నాడు?"

"నేనూ అదే అడిగాను. కోప్పడ్డాను కూడా. ముసలాయన రెండు చేతులా పెట్టాడే, ఆ మొహం చూసి వద్దనడానికి నోరు రాలేదే అన్నాడు. ఒకటి తిని ఊరుకోవచ్చు కదా, నాలుగెందుకు అన్నాను. దానికి నవ్వాడు. మొదటిది ఆయన కోసం తిన్నాను, మిగతావి నాకోసం అన్నాడు." చేట పక్కన పెట్టింది. "రేపు పొద్దున్నే మిషన్ ఉంది కదా, అప్పటిదాకా ఆగదా అనుకున్నాడు. ఆగలేదు."

టీ పెట్టి తెచ్చింది. తాగాను. వద్దనడానికి నాకూ నోరు రాలేదు.

లేచి వస్తుంటే ఆవిడ గుమ్మందాకా వచ్చింది. "మీరు మళ్లీ రాకండి బాబాయ్ గారూ. కోపంతో కాదు. మిమ్మల్ని చూస్తే నాకు అదే కనపడుతుంది" అంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ప్రేము మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడికెళ్లావని అడగలేదు. నేనే అడిగాను.

"నానబెడితే పోదని నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా."

"తెలిసీ తిన్నావా?"

"ఆనంద్ అన్న తీసుకున్నాడు కదా. ఆయన తీసుకున్నాక నేను వద్దంటే నీ పరువు పోదూ." మళ్లీ వాడే అన్నాడు. "తేజస్వి ఆపబోయింది. నేనే కళ్లతో వద్దన్నాను. అక్కడే ఆపాల్సింది నేను, నువ్వు కాదు. ఆయన పిల్లలకి నేను చెప్పుకోవాలి."

"అది నీది కాదురా. అది నాది" అన్నాను. వినలేదు.

తర్వాత నేను అడగకూడనిది అడిగాను. "మరి సెంటర్‌కి వస్తూ ఉంటానన్నావు, అది?"

"నువ్వు ఆ రోజు చిన్నపిల్లాడిలా ఉన్నావు నాన్నా" అన్నాడు.

అంటే పండూ ఆ మాటా రెండూ ఒకటే. నాకోసం. నేను ఈ డైరీలో దేవుడున్నాడని మురిసిపోయి రాసినవన్నీ వెనక్కి తిప్పి చదువుకున్నాను. ఒక్కటి కూడా వాడు కావాలన్నది కాదు. ఒక్క బ్యాటరీ తప్ప.

మే 19, సోమవారం

ఐదున్నరకి ఆటో వచ్చి హారన్ కొట్టింది. సెంటర్‌కి ఎప్పుడూ వచ్చే ఆటోయే.

ప్రేము లేవలేదు. సీతమ్మ వేడినీళ్లు పెట్టింది. నేను వాడి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వాడు నా మొహం చూస్తే మాట మార్చుకుంటాడని నాకిప్పుడు తెలుసు. మూడేళ్లుగా అలాగే మార్చుకున్నాడు. నవ్వితే వస్తాడు. ఏడిస్తే కూడా వస్తాడు. ఇంకో బుధవారం, ఇంకో శుక్రవారం, నాకోసం గొట్టాలు తగిలించుకుంటాడు. తీసుకెళ్లడం నా చేతిలో పనే.

గుమ్మం వైపు తిరిగి, వాడికి వీపు పెట్టి అడిగాను. "నువ్వు చెప్పు. వస్తావా, రావా?"

ఆటో మళ్లీ హారన్ కొట్టింది.

"రాను నాన్నా" అన్నాడు. తేలిగ్గా అన్నాడు. బరువేదో దింపినవాడిలా.

నేను బయటికి వెళ్లి ఆటో ఆయనతో, "వెళ్లండి బాబూ, ఇవాళ్టికి లేదు" అన్నాను. ఆయన "బుధవారం రానా?" అన్నాడు. నేను వెనక్కి తిరిగి గుమ్మం ఎక్కాను. ఆయన కాసేపు చూసి బండి తిప్పుకున్నాడు.

సీతమ్మ నీళ్లచెంబు చేత్తో పట్టుకుని లోపలి నుంచి వచ్చి, "ఆటో వెళ్లిపోయిందేంటి?" అంది.

నేనే పంపేశానని చెప్పాను.